బండిచక్రపు బేరింగులు: అరిగినవానిని మార్చుటకు ఎంతకాల మాగవచ్చును?

(రైతుల సభయందు చదువబడిన యుపన్యాసము)



మీలో ననేకులు కోతలు ముగియగానే బండి నొకమూల నిలిపి, మరల పని తగులువఱకు దానివంక చూడరు. పని తగిలిన దినమున కుడిచక్రము గరగరలాడును. అప్పుడు గృహమున నీ చర్చ పుట్టును: బేరింగు ఇప్పుడే మార్పింతమా, లేక ఈ పంట తోలుకొని పిదప చూతమా? ఈ ప్రశ్నకు “వెంటనే మార్పింపుడు” అని చెప్పి కూర్చుండుట యుపన్యాసకునకు మిక్కిలి సులభము. కాని యట్టి సలహాను రైతు పాటింపడు. పాటింపకుండుటకు నతనికి తగిన కారణములును గలవు. కావున ఎప్పు డాగవచ్చునో, ఎంతవఱ కాగవచ్చునో, ఎప్పుడు ఒక్క తోలకమునకైనను ఆగరాదో వేఱువేఱుగా మనవి చేసెదను.

బేరింగు అను మాటకు సంస్కృతపదము నొకదానిని కల్పించి యీ పత్రమునందు వ్రాయుట కష్టము కాదు. కచేరీలలో తర్జుమా చేయువారికి అట్టి పదములు కల్పించుట అలవాటైన పనియే. కాని యా పదమును పట్టుకొని మీరు బజారునకు పోయినచో దుకాణదారుడు మీకు వస్తువు నీయడు. బండి మేస్త్రీలును, అంగళ్లవారును, తోలువారును బేరింగనియే యనుచున్నారు గనుక నేనును అట్లే యనెదను.

కఱ్ఱచక్రముల బండియందు ఇరుసు కదలదు. కుంభిలో దిగగొట్టిన ఇనుప బుష్షు ఆ ఇరుసును రాచుకొనుచు తిరుగును. టైరుబండియం దట్లు కాదు. ఇరుసుకొనకు లోపలి వలయ మొకటియు, చక్రపు హబ్బులో వెలుపలి వలయ మొకటియు నుండి, ఆ రెంటినడుమ ఉక్కుగుండ్లుగాని ఉక్కురోలర్లుగాని దొర్లుచుండును. రోకలిని నేలపై ఈడ్చుటకును దొర్లించుటకును గల భేద మెట్టిదో, ఈ రెండు బండ్లకును గల భేద మట్టిది. ఒకవైపు సన్నగిలి కోసుగానుండు రోలర్ల బేరింగునకు 1898లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున హెన్రీ టిమ్కెను అను బండ్ల తయారీదారుడు పేటెంటు పొందెను. బండి మలుపు తిరుగునపుడు చక్రముపై బరువు పైనుండియే గాక ప్రక్కనుండియు పడును. ఆ రెండు బరువులను ఒక్కటే బేరింగు మోయవలెనని యతని యుద్దేశము. నేడు మోటారులలోనున్న ఈ సాధనము మొదట జంతువులు లాగెడి బండ్లకై తలపెట్టబడిన దని తెలిసికొనుట మనకు సంతోషకరము.

ఇక బరువు సంగతి. బండిపై బరువు రెట్టింపైనచో బేరింగు ఆయువు సగమగునని మనము సహజముగా తలంతుము. అది నిజము కాదు. స్వీడను దేశస్థులగు లుండ్‌బెర్గు, పాల్మ్‌గ్రెన్ అనువారు ప్రకటించిన లెక్కప్రకారము, బరువు రెట్టింపైన రోలరు బేరింగు ఆయువు సుమారు పదవవంతునకును, గుండ్ల బేరింగు ఆయువు ఎనిమిదవవంతునకును దిగిపోవును. అంత దూర మేల? మామూలు బరువునకు నాలుగవవంతు కలిపినంతనే రోలరు బేరింగు ఆయువు సగమునకు తగ్గును. నాలుగు బస్తాల చోట అయిదవ బస్తా వేయుట మీకు చిన్నపనిగా తోచును. ఆ బస్తా కూలి ఎవరి ఖాతాలో పడుచున్నదో బేరింగు నడిగిన తెలియును.

ఈ సందర్భమున చట్టమును గుఱించి యొకమాట. 1965లో కేంద్రప్రభుత్వము వెలువరించిన భారవాహక జంతువుల నిబంధనలలో, మధ్యరకపు ఎడ్లు లాగెడి రెండుచక్రముల బండికి గాలిటైర్లు లేనిచో 700 కిలోలు, గాలిటైర్లున్నచో 1050 కిలోలు, బాల్ బేరింగులున్నచో 1400 కిలోలు గరిష్ఠముగా విధింపబడెను. బండి బరువుకూడ దీనిలో చేరినదే. బేరింగులున్న బండికి హెచ్చుబరువు అనుమతించుటకు కారణము చక్రము సులభముగా దొర్లుటయే గదా! బేరింగు చెడి చక్రము బిగిసి తిరుగుచుండగా, ఆ పెద్ద అంకెనే పట్టుకొని బండి నింపువాడు చట్టమును చదివెనేగాని గ్రహింపలేదని నా యభిప్రాయము. ఎద్దునకు నోరు లేదు. మెడపై కాడి రాచినచోట పుండు మాత్రము పడును.

పైన జెప్పిన ఆయువు లెక్క శుభ్రమైన గ్రీజులో తిరుగు బేరింగునకు వర్తించును. మన బాటలమీద బరువుకంటె ముందుగా దుమ్మును నీరును దానిని తినివేయును. నీరు లోనికి పోవు విధము వినదగినది. బండి కోసెడు దూరము నడిచినపిమ్మట హబ్బు వేడెక్కియుండును. లోపలి గాలియును వేడెక్కి వ్యాకోచించియుండును. ఆ క్షణమున బండిని వాగులోనికి దింపినచో హబ్బు చప్పున చల్లబడును, లోపలి గాలి ముడుచుకొనును, ఆ ఖాళీలోనికి వాగునీరు సీలు అంచునుండి పీల్చబడును. కావున దూరము నడిచివచ్చిన బండిని తిన్నగా చెఱువులోనికి తోలి కడుగుట మంచిది కాదు. సంక్రాంతికి బండి కడిగి రంగులు వేయుట ముచ్చటయైన యాచారము. దానిని మానుమని నే ననను; చక్రములు చల్లారినపిదప కడుగుడు. హబ్బు మునుగునట్లు వాగు దాటవలసివచ్చినచో వారములోపల విప్పి గ్రీజు మార్చుట యుక్తము. నీరు చొచ్చిన గ్రీజు తెల్లనై మజ్జిగమీగడవలె నుండును. దానిని గుర్తించుట కష్టము కాదు.

మఱియొక దురభ్యాసము కలదు. ఆముదములో కాల్చిన గడ్డిమసి కలిపి చేసిన కందెనను కొందఱు టైరుబండి బేరింగులలోను కూరుచున్నారు. కఱ్ఱబండి ఇరుసునకు అది తరతరములుగా పనిచేసినది, కాదనను. కాని వరిగడ్డి బూడిదలో మిక్కిలిగా నుండునది ఇసుకలోని పదార్థమే. బుష్షునకును ఇరుసునకును నడుమ ఎడము విశాలము గనుక ఆ పొడి అక్కడ అంతగా బాధింపదు. అద్దమువలె నునుపుచేసిన రోలర్లనడుమ అదే పొడి ఆకురాయి పనిచేయును. బేరింగులకు బేరింగు గ్రీజే వాడవలెను. ఎడ్లబండి నెమ్మదిగా పోవునది గనుక హబ్బునిండ గ్రీజు కూరినను వేడిమి భయము లేదు, దుమ్ము చొరకుండ కొంత అడ్డుగాకూడ నుండును. ట్రాక్టరు ట్రాలీకి మాత్రము అట్లు కూరరాదు.

ఇప్పుడు ధనము మాట. బేరింగు మార్చుట వాయిదా వేసిన ఎంత మిగులును? “బేరింగు ఖరీదు మిగులును” అని రైతు తలంచును. అది మిగులదు. ఆ ఖరీదు నేడు కాకున్న నాలుగు నెలలకు ఈయవలసినదే. మిగులునది ఆ నాలుగు నెలల వడ్డీ మాత్రమే. దృష్టాంతమునకు, బేరింగులు, సీలు, గ్రీజు, మేస్త్రీకూలి కలిపి 1500 రూపాయలగు ననుకొందము. ఊరి వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలైనచో నాలుగు నెలల కగునది 120 రూపాయలు. ఈ నూటయిరువది రూపాయల లాభమునకై పత్తి నింపిన బండి వానమబ్బు క్రింద, ఊరికి రెండుకోసుల దూరమున, ఒరిగి నిలుచు ప్రమాదమును మనము కొనుచున్నాము. అప్పు డగు ఖర్చు బేరింగుతో పోదు. ఇరుసుకొన, హబ్బు, పరుల బండి బాడుగ, తడిసిన పత్తి ధరలో తరుగు, ఇవన్నియు వరుసగా వచ్చును. ప్రభుత్వపు శిస్తు బకాయిపడిన, ఎంత బకాయియో కాగితముమీద కానవచ్చును. మరమ్మతు బకాయికి అట్టి కాగితము లేదు.

అట్లని రెండవపక్షమును విడువరాదు. బేరింగు తన పూర్తికాలము పనిచేయకముందే తీసిపాఱవేయుటయు నష్టమే. అయిదేండ్లు నడువగల బేరింగును నాలుగవయేట మార్చినవాడు దాని వెలలో నైదవవంతు పాఱవేసినవాడు. మేస్త్రీ చెప్పినప్పుడెల్ల మార్చువాడు మేస్త్రీకి ప్రియుడగును, అంతే.

కావున నిర్ణయింపవలసినది ఎట్లు? నా కిన్నాళ్ల విచారణలో సమంజసముగా తోచిన మార్గ మొకటి గలదు. అరుగుచున్నది ఏ వస్తువు అని చూడవలెను. అరుగుదల బేరింగులోనే యున్నంతకాలము, అనగా చౌకవస్తువు తన్ను తానే తినుచున్నంతకాలము, కొంత ఆగుట కవకాశము గలదు. ఆ యరుగుదల ఇరుసుకొననుగాని హబ్బునుగాని తాకినదినమున గడువు తీరినది. ఖరీదైన వస్తువు చౌకవస్తువునకై తరుగుచున్న దన్నమాట. లోపలి వలయము ఇరుసుమీద జారి తిరుగ నారంభించినచో ఇరుసు గీతలుపడి సన్నగిలును; ఆ పిమ్మట క్రొత్త బేరింగు వేసినను అది యక్కడ వదులుగానే యుండి త్వరలో చెడును. అప్పుడు బేరింగుతోపాటు ఇరుసునుకూడ మార్చవలసివచ్చును.

పరీక్ష చేయు విధము చెప్పెదను. బండిని ఖాళీచేసి, సమతలమున నిలిపి, ఒక చక్రమునకు రాళ్లు అడ్డముపెట్టి, రెండవ చక్రమును జాకీతోగాని దుంగపై మీటిగాని నేలనుండి నాలుగు వ్రేళ్లు లేపుడు. దుంగ గట్టిగా నాటుకొన్నదని తెలిసిన పిమ్మటనే చేతులు క్రింద పెట్టుడు. చక్రమును పైన నొకచేత, క్రింద నొకచేత పట్టి లోపలికిని వెలుపలికిని ఊపుడు. టకటకమని కదలినచో వదులున్నది. పిమ్మట చక్రమును త్రిప్పి విడిచి, ఒక కఱ్ఱ చివరను హబ్బు ప్రక్కనున్న ఇరుసుపై మోపి, రెండవ చివరను చెవికి ఆనించి వినుడు. సన్నని యేకధాటి శబ్దము మంచిది. గరగరలాడుట దుమ్ముకుగాని ఎండిన గ్రీజుకుగాని గుర్తు. తిరుగు ప్రతిచుట్టులోను ఒకేచోట “టిక్కు” మన్నచో వలయము పైగాని రోలరు పైగాని పెచ్చు లేచినదని గ్రహింపవలెను.

బండి నడిచి వచ్చినంతనే రెండు హబ్బులపైనను చేయి పెట్టి చూచుట మంచి యలవాటు. రెండును గోరువెచ్చగా నున్న చింత లేదు. ఒకటి వెచ్చగాను, ఒకటి చేయి నిలుపలేనంత వేడిగాను ఉన్నచో ఆ రెండవదానిని మఱునాడు కట్టక విప్పి చూడవలెను. ఈ పరీక్షకు ఖర్చు లేదు, సాధనము లేదు. బండి తోలువానికి చెప్పియుంచిన చాలును.

విప్పినప్పుడు పాతగ్రీజును వెంటనే తుడిచి పాఱవేయకుడు. చిటికెడు తీసి వ్రేళ్లనడుమ నులిమి ఎండలో పట్టి చూడుడు. మినుకుమినుకుమని ఇనుపపొడి మెఱసిన, ఉక్కు రాలుచున్నది. పిమ్మట కిరసనాయిలుతో బేరింగును కడిగి, ఆరనిచ్చి, రోలర్లను ఒక్కొక్కదానిని త్రిప్పి చూడవలెను. సన్నని గీతలు మాత్రమున్నచో అది ముసలితనము, రోగము కాదు. నీలవర్ణముగాని గోధుమవర్ణముగాని తిరిగియున్నచో బేరింగు మితిమీఱి కాగి ఉక్కు పదును పోయినదని యర్థము; అది చూచుటకు నున్నగనే యుండును, దానిచే మోసపోరాదు. గుంటలు, పెచ్చులు, పగులు, లేక రోలర్లను పట్టియుంచు పంజరము విఱిగియుండుట, వీనిలో నేది కనబడినను మరల హబ్బులో పెట్టరాదు. లోపలి వలయము తిరుగదు గనుక దాని క్రిందిభాగమే సదా బరువు మోయును. గుంటలు తఱచుగా మొదట అక్కడనే పుట్టును. పంజరము అడ్డముండుటచే ఆ చోటు కంటికి సరిగా కనబడదు, కావున వెలుపలి వలయములోపెట్టి వ్రేలితో నొక్కుచు మెల్లగా త్రిప్పి స్పర్శచే తెలిసికొనవలెను.

ఈ పరీక్షవలన తేలిన స్థితిని బట్టి గడువు. గ్రీజు ఎండియో, మురికిపడియో యుండి, ఉక్కు నున్నగా నున్నచో, కడిగి క్రొత్తగ్రీజు పెట్టుడు, మార్చుట యనవసరము. వదులుమాత్రమే యున్న రోలరు బేరింగైనచో ఇరుసుకొననున్న నట్టు సరిచేసిన చాలును. సన్నని గీతలు, కొంచెము గరగర ఉన్నచో ఆగవచ్చును. కాని గడువును దినములలో లెక్కింపక తోలకములలో లెక్కింపుడు. నెలరోజులు పాకలో నిలిచిన బండికి నెల గడిచినను బేరింగునకు గడువదు. నాలుగు దినములలో ఇరువది తోలకములు వేసిన బండికి ఏడాది గడిచినట్లే యుండవచ్చును. దగ్గఱి పొలమునుండి సగముబరువుతో తోలు పనులకు దానిని వాడుకొని, దూరపు బజారుపయనములకు వాడకుండుట వివేకము. గుంటలు, పెచ్చులు, రంగుమార్పు, టిక్కుటిక్కుమను శబ్దము, ఇరుసుపై జారిన గుర్తులు, వీనికి గడువే లేదు.

ఆగిన యరుగుదల తోలకపు కాలములోనికి దాటిపోరాదు. పెంట తోలుట ముగిసి, మృగశిర ప్రవేశింపక మునుపు రోహిణికార్తెలో నొక పరీక్షయు, పత్తితీతలకు ముందు స్వాతి రాకమునుపు నొక పరీక్షయు చేసినచో సంవత్సరమునకు రెండు పర్యాయములగును. రోహిణిలో సందేహాస్పదముగా నున్న బేరింగును స్వాతి వఱకు ఈడ్వవచ్చునా యని యడుగుదురు. వానకాలమున బండికి బరువుపని తక్కువ, నిజమే. కాని బురదయు నీరును ఎక్కువ. అప్పటికే సీలు పగిలియున్నచో ఈడ్వరాదు. సీలు క్రొత్తది వేసి గ్రీజు మార్చినచో ఈడ్వవచ్చును. స్వాతి దాటించుటకు మాత్రము నేను సమ్మతింపను. ఆ దినములలో మేస్త్రీ దొరకడు, దొరికినను బేరము మీ చేతిలో నుండదు.

ఇచ్చట భూస్వాములగు మీకు ప్రత్యేకముగా మనవి చేయవలసిన దొకటి యున్నది. ఆగుదమని నిర్ణయించువారు మీరు. నొగలపై కూర్చుండువాడు మఱియొకడు. చక్రము ఊడినప్పుడు బండి ఏప్రక్క ఒరుగునో ఆప్రక్కను వాడుండును, లేదా బస్తాలపై నెక్కిన వాని బిడ్డ యుండును. “చక్రము బాగుగా లేదు” అని వాడు సణిగినప్పుడు దానిని పని తప్పించుకొను సాకుగా తీసికొనుట మన యిండ్లలో పరిపాటి. చక్రపు ధ్వనిని దినమంతయు వినువాడు వాడే. మీరు చేయు పరీక్షకంటె వాని చెవి ముందుగా కనిపెట్టును. గట్టుదిగు బాటలును, చెఱువుకట్టపై బాటలును ఉన్న ఊళ్లలో, తోలువాడు సందేహించిన బండిని తోలుమని నిర్బంధింపకుండుట యజమానుని ధర్మము.

నట్టు బిగించుట గూర్చి చెప్పకున్న యీ ప్రసంగము కీడుచేయును. వదులున్నదని తెలియగానే బలముకొలది బిగించుట సామాన్యముగా జరుగునది. బిగించినంతనే చక్రము ఊగదు, యజమానుడు సంతసించును; రోలర్లు మాత్రము నలిగి కాగిపోవును. కోసురోలర్ల బేరింగునకు సరియగు విధమిది: చక్రమును త్రిప్పుచునే నట్టును బిగింపవలెను, చక్రము కొంచెము బరువుగా తిరుగ నారంభించినంతనే నట్టును ఒక గాడిమేర, అనగా చుట్టులో నాఱవవంతు, వెనుకకు త్రిప్పవలెను. చక్రము తేలికగా తిరుగుచు, ఊపినప్పుడు ఉన్నదో లేదో యన్నంత కదలిక యుండవలెను. స్ప్లిట్ పిన్ను ఎప్పుడును క్రొత్తదే వేయవలెను. పాతదానిని సాగగొట్టి వేసినది విఱిగి, నట్టు ఊడి, చక్రము విడిపోవుట కలదు. దానికి బదులు మేకు దూర్చుట అంతకన్న కీడు. ఒకే పంటకాలములో రెండుమార్లు బిగింపవలసివచ్చినచో మూడవమారు బిగింపక మార్చుడు. గుండ్ల బేరింగునకు ఈ బిగింపు వర్తింపదు. దానిలో వదులు కనబడిన నది అరుగుదలయే.

కఱ్ఱచక్రముల బండి యింకను ఉంచుకొన్నవారికి రెండుమాటలు. దానిలో బుష్షు చుట్టును సమముగా అరుగును, ఇరుసు మాత్రము అడుగువైపుననే అరుగును. వంపులేని ఇరుసైనచో దానిని సగముచుట్టు త్రిప్పి అమర్చినచో అరుగని వైపు క్రిందికి వచ్చి మఱికొంతకాలము నడచును. ప్రక్కకు ఊగుటను కడచీలవద్ద వాషరు వేసి తగ్గింపవచ్చును. ఇట్టి బండికి వాయిదా వేయు అవకాశము టైరుబండికన్న చాల ఎక్కువ. కుంభిలో బుష్షు కదలనారంభించిన మాత్రము ఆకుల మొదళ్లు వదులై చక్రమే పాడగును గనుక వడ్రంగిని అప్పుడే పిలువవలెను.

ట్రాక్టరు ట్రాలీ విషయమున వాయిదా ప్రశ్నయే లేదు. వేగము హెచ్చు, బరువు హెచ్చు, పెద్దరోడ్డుమీద పరుల ప్రాణములు ముందును వెనుకను నుండును. సందేహము కలిగిన దినమున నిలిపివేయుడు.

మార్పించునపుడు పాత బేరింగును వెంట తీసికొనిపొండు. వలయముపై అంకెలు చెక్కబడియుండును. 30206 వంటి యంకెలో చివరి రెండంకెలను అయిదుచే గుణించిన లోపలి రంధ్రపు కొలత మిల్లీమీటరులలో వచ్చును, ఇచట 30. దుకాణదారుడు “ఇదియు సరిపోవును” అని వేఱొక అంకెగలదాని నిచ్చినచో పుచ్చుకొనకుడు. లోపలి వలయమును వెలుపలి వలయమును జంటగానే మార్చవలెను. పాత వెలుపలి వలయమునందు క్రొత్త రోలర్లు వేసినచో వలయముపైనున్న గుంటలు క్రొత్తవానిని త్వరలోనే పాడుచేయును. ఒక హబ్బులో లోపలివైపు నొకటి, వెలుపలివైపు నొకటి బేరింగు లుండును. ఆ రెంటిని కలిపి మార్చుట మేలు. రెండవ చక్రము బాగుగానున్నచో దాని జోలికి పోనక్కఱలేదు, మేస్త్రీ ఎంత చెప్పినను. క్రొత్త వెలుపలి వలయమును హబ్బులోనికి దింపునపుడు సుత్తితో నేరుగా కొట్టనీయకుడు. తీసిన పాత వలయమును దానిపై బోర్లించి, దానిపై కొట్టించినచో క్రొత్తది వంకరపోక సమముగా దిగును. ఆ పాత వలయమును తుడిచి, బండిపెట్టెలో దాచియుంచుడు. మఱుసటి పర్యాయము ఆ పనికే యక్కఱకు వచ్చును.